ఒక పనికి ఇచ్చింది మరో పనికి: నిత్యజీవితపు డిజిటల్ సాధనాల్లో దాగిన ముప్పులు

డిజిటల్ సాధనాల వల్ల ముప్పు అనగానే సాధారణంగా మనసుకు తోచేది చొరబాటు: ఎక్కడో కూర్చున్న హ్యాకర్ రక్షణను ఛేదించి ఖాతాలోని డబ్బో, ఫోనులోని ఫొటోలో ఎత్తుకుపోవడం. అటువంటి నేరాలకు కొదవ లేదు. అయితే గత మూడు దశాబ్దాల పరిశోధనలను, కోర్టు తీర్పులను, పోలీసు కేసులను ఒకచోట చేర్చి చదివితే, బయటపడిన ఉదంతాల్లో చాలావాటిలో ఎవరూ ఏ గోడా దూకలేదనీ, పరికరం తనకు అప్పగించిన పనిని సక్రమంగా చేస్తూండగానే నష్టం జరిగిపోయిందనీ తేలుతుంది. దస్తావేజు మీద వేలిముద్ర వేసేది ఆస్తి చేతులు మారిందనడానికి సాక్ష్యంగా. ఫోను దగ్గరలోని టవరుతో ఎడతెగకుండా సంకేతాలు మార్చుకునేది కాల్ కలపడానికి. టీవీ తెర మీది బొమ్మను గుర్తుపట్టేది నచ్చే కార్యక్రమాన్ని సూచించడానికి. ఒక పని కోసం పుట్టిన సమాచారం ఆ పని ముగిశాక కూడా ఎక్కడో మిగిలి ఉండి, ఇచ్చినవారు ఊహించని మరో పనికి అక్కరకు రావడమే ఈ ముప్పుల్లో అధికభాగానికి ఉమ్మడి లక్షణం.

భద్రత, గోప్యత అన్న రెండు మాటలను వ్యవహారంలో కలిపేసి వాడడం వల్ల ఈ లక్షణం మరుగున పడుతోంది. అనుమతి లేనివారిని లోపలికి రానీయకపోవడం భద్రత. అనుమతి ఉన్నవారిని కూడా ఆ అనుమతి హద్దు దాటనీయకపోవడం గోప్యత. ఈ రెండో భావానికి శాస్త్రీయమైన రూపం ఇచ్చినవారిలో అమెరికన్ తత్వవేత్త హెలెన్ నిస్సెన్‌బామ్ ముఖ్యురాలు. 2004 నుంచి ఆమె ప్రతిపాదిస్తూ వచ్చిన ‘సందర్భ సమగ్రత’ సిద్ధాంతం ప్రకారం ఏ సమాచారమూ దానంతట అది రహస్యమూ కాదు, బహిరంగమూ కాదు. వైద్యుడికి చెప్పిన రోగం వైద్యుడి దగ్గర ఉన్నంతవరకు సమస్య లేదు, అదే విషయం యజమానికో బీమా కంపెనీకో చేరినప్పుడే ఉల్లంఘన అవుతుంది. రహస్యం దాచుకోవడానికి నాకేముంది అని అడిగేవారికి ఈ సిద్ధాంతం సూటిగా సమాధానం చెబుతుంది, ఎందుకంటే ఇక్కడ ప్రశ్న దాపరికం గురించి కాదు, దారి మళ్లింపు గురించి.

దారి మళ్లింపు ఎంత సులువో చూపే ఉదాహరణల్లో తెలుగు నేల మీద జరిగినది ఒకటి వివరంగా పరిశీలించదగినది. 2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తిని పోలీసులు అరెస్టు చేశారు. కొత్త సిమ్‌లు ఎన్ని యాక్టివేట్ చేస్తే అంత లాభం కాబట్టి, లేని కొనుగోలుదారులను అతడు సృష్టించాడు. అప్పట్లో సిమ్ ఇవ్వడానికి ఆధార్ సంఖ్య, వేలిముద్ర కావాలి. ఆ రెండూ అతనికి రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులో దొరికాయి: ఆస్తి దస్తావేజులను ఎవరైనా చూసుకునేందుకు వీలుగా అందులో ఉంచగా, వాటిలో పార్టీల ఆధార్ వివరాలతోపాటు వేలిముద్రలు స్పష్టంగా స్కాన్ అయి ఉన్నాయి. రబ్బరు స్టాంపులు తయారుచేసే మామూలు యంత్రంతో ఆ ముద్రలకు అచ్చులు పోసి, వాటిని వేలిముద్ర చదివే పరికరం మీద నొక్కి వేలకొద్దీ సిమ్‌లు తీయగలిగాడు. ఆధార్ కేంద్ర భాండాగారం జోలికి అతడు పోనే లేదు. పోవలసిన అవసరమే రాలేదు.

ఆ తర్వాతి సంవత్సరాల్లో ఇదే ఉపాయం సిమ్‌ల నుంచి డబ్బుకు పాకింది. ఆధార్ ఆధారిత చెల్లింపుల వ్యవస్థలో, అంటే పల్లెల్లో బ్యాంకు ప్రతినిధి చేతి యంత్రంతో డబ్బు ఇచ్చే పద్ధతిలో, ఖాతాదారుడి ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. ఓటీపీ అడగరు, కార్డు అక్కర్లేదు. చదువు రానివారికి, స్మార్ట్‌ఫోను లేని వృద్ధులకు, ఉపాధి కూలీలకు, పింఛనుదారులకు ఆ వ్యవస్థ చేసిన మేలు కాదనలేనిది. కానీ సంతకం చేయలేక వేలిముద్రే ఆధారమైన ఆ మనుషుల ముద్ర దస్తావేజు మీద ఉంటే, బ్యాంకు పేరు ఒక్కటి తప్ప డబ్బు తీయడానికి కావలసిందంతా అందులోనే ఉన్నట్టు లెక్క. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేరు. ఆధార్ ప్రాధికార సంస్థ బయోమెట్రిక్ లాక్ సౌకర్యం కల్పించింది, 2023లో వేలి గీతలతోపాటు వేలి బొమ్మను కూడా పరీక్షించి అది సజీవమైన వేలో అచ్చో పోల్చే పద్ధతిని ప్రవేశపెట్టింది. లాక్ వేసుకోవాలంటే సాధారణంగా యాప్ లేదా వెబ్‌సైటు, రిజిస్టరైన ఫోను నంబరు కావాలి. అవి లేనివారి కోసమే ఈ వేలిముద్ర చెల్లింపు పుట్టిందన్నది ఇందులోని వైచిత్రి.

ధర్మారం ఘటనకు ఏడాది ముందే బెంగళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ 2017 మే నెలలో వెలువరించిన నివేదిక, నాలుగు ప్రభుత్వ పోర్టళ్ల ద్వారా సుమారు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు బయట కనబడుతున్నాయని అంచనా వేసింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల పట్టికలు, చంద్రన్న బీమా పథకం. ఆ పట్టికలను ఎవరూ దొంగిలించలేదు, పారదర్శకత పేరిట ప్రభుత్వమే ప్రచురించింది. కూలీకి డబ్బు అందిందో లేదో ఊరంతటికీ తెలియాలన్న మంచి ఉద్దేశం ఒకవైపు, ఖాతా వివరాలు ప్రపంచమంతటికీ తెలియడం మరోవైపు. సామాజిక తనిఖీకి కూలీ పేరు, పని దినాలు, అందిన మొత్తం చాలునన్న చిన్న ఆలోచన ఆ పట్టికను రూపొందించినవారికి తట్టలేదు.

రెండో కోవకు చెందిన ముప్పు మెటాడేటాది. ఉత్తరంలో ఏముందన్నది కాక, కవరు మీద ఎవరి నుంచి ఎవరికి, ఏ ఊరు, ఏ తేదీ అన్న వివరాల వంటిది మెటాడేటా. వాట్సాప్ 2016 నుంచి సందేశాలన్నింటికీ రెండు కొసల మధ్య సంకేతీకరణ అమలు చేస్తోంది, అంటే పంపినవారి ఫోను, అందుకున్నవారి ఫోను తప్ప మధ్యలో కంపెనీతో సహా ఎవరూ ఆ సందేశాన్ని చదవలేరు. ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎన్నిసార్లు పంపారన్నది మాత్రం ఆ రక్షణ పరిధిలోకి రాదు. క్లౌడ్‌లో దాచే బ్యాకప్‌కు సైతం అటువంటి రక్షణ 2021లో గాని రాలేదు, అదీ వాడుకరి కోరుకుంటేనే. కవరు మీది వివరాలే కదా అని తీసిపారేయడానికి లేదని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2016లో చూపారు: 800 మందికి పైగా స్వచ్ఛంద సభ్యుల కాల్ వివరాలను మాత్రమే చూసి, ఒకరికి గుండె లయకు సంబంధించిన జబ్బు ఉందని, మరొకరి దగ్గర తుపాకి ఉందని వారు సరిగ్గా ఊహించగలిగారు.

స్థానం సంగతి ఇంతకన్న తీవ్రమైనది. ఫోను చేతిలో ఉన్నంతకాలం అది ఏ టవరు పరిధిలో ఉందో కంపెనీకి తెలియక తప్పదు, తెలియకపోతే కాల్ రాదు. 2013లో ఈవ్ అలెగ్జాండర్ ద మోంజాయ్ బృందం 15 లక్షల మంది చందాదారుల 15 నెలల రికార్డులను పరిశీలించి, సమయంతో కూడిన నాలుగు స్థాన బిందువులు చాలు, పేర్లు తీసేసిన ఆ జాబితాలో 95 శాతం మందిని వేరుచేసి చూపవచ్చని తేల్చింది. ఇల్లు ఒక బిందువు, ఆఫీసు మరొకటి. మిగిలిన రెండూ ఏ గుడో, ఆసుపత్రో అయితే సరిపోతుంది. అమెరికా సుప్రీంకోర్టు 2018లో కార్పెంటర్ కేసులో, ఒక వ్యక్తి 127 రోజుల టవరు రికార్డులను వారంటు లేకుండా పోలీసులు తీసుకోవడం చెల్లదని చెప్పింది. ఆ రికార్డుల్లో అతని స్థాన బిందువులు 12,898 ఉన్నాయి. భారతదేశంలో టెలికాం కంపెనీలు కాల్ రికార్డులను కనీసం రెండేళ్లు భద్రపరచాలని 2021 డిసెంబరులో లైసెన్సు నిబంధనలను సవరించారు.

పేర్లు తీసేశాం కనుక ప్రమాదం లేదన్న హామీని అందువల్ల అనుమానంతో చూడవలసి ఉంటుంది. 1990ల చివర లతాన్యా స్వీనీ మసాచుసెట్స్ ఉద్యోగుల వైద్య రికార్డుల్లోంచి, పేర్లు లేకపోయినా, ఆ రాష్ట్ర గవర్నర్ రికార్డును ఓటర్ల జాబితాతో పోల్చి పట్టుకున్నారు. పుట్టిన తేదీ, లింగం, పోస్టల్ కోడ్ కలిస్తే అమెరికన్లలో 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చన్నది ఆమె అంచనా. 2017 నవంబరులో స్ట్రావా అనే వ్యాయామ యాప్ ప్రపంచమంతటా తన వాడుకరులు పరుగెత్తిన దారులను పేర్లు లేకుండా కలిపి ఒక పటంగా ప్రచురిస్తే, నిర్జన ఎడారుల్లో వెలుగుతున్న గీతలు సైనిక స్థావరాల ఆనవాళ్లని 2018 జనవరిలో ఒక ఆస్ట్రేలియన్ విద్యార్థి గమనించాడు. సైనికులు ఆరోగ్యం కోసం పరుగెత్తారు, అంతే.

ఇక్కడే జనంలో బాగా పాతుకుపోయిన ఒక నమ్మకాన్ని పరిశీలించాలి: ఫోను దొంగచాటుగా మాటలు వింటుందని, అందుకే మిక్సీ గురించి మాట్లాడుకున్న గంటలో మిక్సీ ప్రకటన వస్తుందని. నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో 17,260 ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించగా, రహస్యంగా మైకు తెరిచి మాటలు పంపిన యాప్ ఒక్కటీ కనబడలేదు. కానీ వాడుకరికి చెప్పకుండా తెర మీద జరుగుతున్నదాన్ని వీడియోగా తీసి వేరే కంపెనీకి పంపిన యాప్ దొరికింది. మాటలు వినవలసిన అవసరం ప్రకటనల వ్యాపారానికి పెద్దగా లేదు. వెతికిన పదాలు, ఆగిన దుకాణం, అదే వైఫై మీద ఉన్న ఇంట్లోవాళ్ల వెతుకులాట, ఇవి చాలు. నమ్మకం నిజమైనా కాకపోయినా దాని వెనకున్న అనుమానం మాత్రం సహేతుకమైనదే. 2020లో ముస్లింలు నమాజు వేళల కోసం వాడే ఒక ప్రసిద్ధ యాప్ స్థాన సమాచారం, దళారీ కంపెనీ మీదుగా, అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లకు చేరుతున్నట్టు పాత్రికేయులు బయటపెట్టారు. మక్కా దిశ, నమాజు వేళ లెక్కకట్టాలంటే స్థానం తెలియాలి, కాబట్టి అడగడంలో అసహజమేమీ లేదు.

అనుమతి అడగడం ఎంత సహజంగా ఉంటుందో అంత ప్రమాదకరమన్న పాఠం తెలంగాణకు 2020 డిసెంబరులో తెలిసివచ్చింది. నిమిషాల్లో అప్పు ఇస్తామన్న లోన్ యాప్‌లు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే కాంటాక్టులు, గ్యాలరీ చూసేందుకు అనుమతి తీసుకునేవి. వాయిదా ఒక్క రోజు తప్పితే చాలు, అప్పు తీసుకున్నవారి బావమరిదికీ, ఆఫీసులో పైఅధికారికీ, పెళ్లి సంబంధం మాట్లాడుకుంటున్నవారికీ ఫోన్లు వెళ్లేవి. మార్ఫింగ్ చేసిన ఫొటోలతో వాట్సాప్ గ్రూపులు పుట్టేవి. ఆ నెలలో తెలంగాణలో వరుసగా ఆత్మహత్యలు జరిగాక పోలీసులు హైదరాబాదులోనూ ఇతర నగరాల్లోనూ వసూళ్ల కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. తాకట్టు లేని అప్పు అని ప్రచారం చేసుకున్నవారు నిజానికి పరువునే తాకట్టు పెట్టించుకున్నారు. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో జారీచేసిన నిబంధనలు అప్పుల యాప్‌లు కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫైళ్లు చూడరాదని నిషేధించాయి. గూగుల్ తన ప్లే స్టోరులో 2023లో అదే ఆంక్ష పెట్టింది. ఈ ఉదంతంలో తరచు విస్మరించే అంశం మరొకటుంది: ఆ ఫోన్లు అందుకున్న బావమరిది ఏ అనుమతీ ఇవ్వలేదు. అతని నంబరు అతని చేతిలో లేదు, దాన్ని సేవ్ చేసుకున్న ప్రతి ఒక్కరి చేతిలోనూ ఉంది.

లోన్ యాప్‌లు స్టోరులో దొరికినవి. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లకు ఆ వడపోత కూడా లేదు. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ యాప్‌ను స్టోరుతో పని లేకుండా నేరుగా ఫోనులో వేసుకునే ఫైలు. పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ పేర్లతో ఇవి తెలిసినవారి నంబర్ల నుంచే వస్తాయి, ఎందుకంటే ఆ తెలిసినవారి ఫోను అప్పటికే వాటి వశమై ఉంటుంది. నొక్కగానే అది అడిగే అనుమతులు రెండు రకాలవి: ఎస్సెమ్మెస్‌లు చదవడం, ‘యాక్సెసిబిలిటీ’ సేవను వాడుకోవడం. రెండోది చూపులేనివారి కోసం తెర మీది అక్షరాలను చదివి వినిపించడానికీ, వారి తరఫున బటన్లు నొక్కడానికీ ఉద్దేశించిన సదుపాయం. తెరను చదవగలిగి, బటన్లు నొక్కగలిగిన యాప్‌కు బ్యాంకు యాప్ తెరవడం పెద్ద పనేమీ కాదు.

ఎస్సెమ్మెస్ చదివే అనుమతికి అంత విలువ రావడానికి కారణం ఓటీపీ. భారతదేశంలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండో అంచె ధ్రువీకరణను రిజర్వు బ్యాంకు 2009 నుంచే తప్పనిసరి చేయడం అనేక దేశాలకన్న ముందు వేసిన అడుగు, అందుకు ప్రశంస దక్కాల్సిందే. అయితే ఎస్సెమ్మెస్ పుట్టింది సమాచారం చేరవేయడానికి తప్ప మనిషిని ధ్రువీకరించడానికి కాదు. దాన్ని మోసే టెలిఫోన్ సంకేత వ్యవస్థ ఎస్‌ఎస్7, దేశానికి కొద్దిపాటి కంపెనీలే ఉండి, ఒకరినొకరు నమ్మే 1970, 80ల కాలంలో రూపుదిద్దుకుంది. 2017లో జర్మనీలో నేరగాళ్లు ఆ నమ్మకాన్నే వాడుకొని, బాధితుల ఎస్సెమ్మెస్‌లను తమవైపు మళ్లించుకొని ఖాతాలు ఖాళీ చేశారు. ఇక్కడ అంత సాంకేతిక శ్రమ ఎవరూ పడనక్కర్లేదు: పాత సిమ్ పోయిందని చెప్పి అదే నంబరుకు కొత్త సిమ్ తీయించుకుంటే ఓటీపీలు దానికే వస్తాయి. సిమ్ మార్చిన తర్వాత 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు నిలిపివేయాలని టెలికాం శాఖ 2022లో ఆదేశించింది అందుకే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఎస్సెమ్మెస్‌ను పరిమితంగా వాడవలసిన పద్ధతుల్లో చేర్చింది.

ఇంట్లోకీ వీధిలోకీ వచ్చిన పరికరాల గురించి సంక్షిప్తంగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే సూత్రం అదే. విజియో అనే టీవీ కంపెనీ 1.1 కోట్ల టీవీల్లో క్షణక్షణం ఏం చూస్తున్నారో చెప్పకుండా సేకరించి అమ్మినందుకు 2017లో 22 లక్షల డాలర్లు చెల్లించింది. సీసీటీవీ కెమెరాల కథ కొంత భిన్నం: 2016లో మిరాయి అనే దుష్ట ప్రోగ్రాము ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులను అలాగే ఉంచుకున్న కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో లోబరుచుకొని ఇంటర్నెట్‌లో పెద్ద భాగాన్ని కొన్ని గంటలు స్తంభింపజేసింది. కెమెరా యజమానులకు ఏ నష్టమూ తెలియలేదు, కాబట్టి వారికి సరిచేయాలన్న తొందరా లేదు. అటువంటి నిర్లక్ష్యం మరో రూపంలో 2025లో రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో బయటపడింది. పరీక్ష గదిలోని స్త్రీల వీడియోలు టెలిగ్రామ్‌లో అమ్మకానికి వచ్చాయి. వంద మంది గుమిగూడే సంస్థలన్నీ కెమెరాలు పెట్టి 30 రోజుల దృశ్యాలు భద్రపరచాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లో చేసిన ప్రజా భద్రతా చట్టం ఈనాటికీ హైదరాబాదు కెమెరాల విస్తరణకు ఒక మూలాధారం. ఆ కెమెరాల పాస్‌వర్డు ఎవరు మారుస్తారన్న ప్రశ్న చట్టాల్లోకి చాలా ఆలస్యంగా వచ్చింది.

వీటన్నిటికన్న సాదాసీదా ముప్పు వీధి చివరి జిరాక్స్ షాపులో ఉంది. ఆధార్, పాన్, పదో తరగతి మార్కుల జాబితా ప్రింటు కావాలంటే షాపు నంబరుకు వాట్సాప్ చేయమంటారు. కంప్యూటర్లో వాట్సాప్ వెబ్ తెరిచే ఉంటుంది, ఫైలు డౌన్‌లోడ్స్ ఫోల్డరులో చేరుతుంది, ప్రింటు చేతికి వచ్చాక అది అక్కడే ఉండిపోతుంది. నెలల తరబడి పోగైన ఆ ఫోల్డరు ఒక మండలం పత్రాల భాండాగారం. షాపతనికి దురుద్దేశం ఉండనక్కర లేదు. ఆ కంప్యూటరు ఎవరో ఒకరికి అమ్ముడుపోతే చాలు. ఫొటోకాపీ యంత్రాల్లో సైతం హార్డు డిస్కులు ఉంటాయని, అద్దెకు తీసుకున్న యంత్రాన్ని తుడిచివేయకుండా తిరిగి ఇచ్చిన ఒక అమెరికన్ ఆరోగ్య బీమా సంస్థ రోగుల వివరాలు పోగొట్టుకొని 2013లో 12 లక్షల డాలర్లు కట్టిందని తెలిస్తే, ఈ భయం అతిశయం అనిపించదు. నంబరులో చివరి నాలుగు అంకెలే చూపే మాస్క్‌డ్ ఆధార్ చాలా పనులకు చెల్లుతుంది, అడిగేవారే ఒప్పుకోరు.

మరికొన్ని లోపాలు వాడుకరి కంటికి ఎన్నటికీ ఆనేవి కావు. వేగం కోసం ప్రాసెసర్ ముందుగానే ఊహించి చేసే లెక్కల ద్వారా ఇతరుల రహస్యాలు బయటకు పొక్కగలవని 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ లోపాలు చూపాయి. 2024 మార్చిలో, లైనక్స్ సర్వర్లలో వాడే ఎక్స్‌జెడ్ అనే చిన్న కుదింపు సాధనంలో ఎవరో రెండేళ్లు ఓపికపట్టి నమ్మకం సంపాదించి దొడ్డిదారి పెట్టారన్న సంగతి, లాగిన్‌కు అరసెకను ఆలస్యమవుతోందని ఒక ఇంజనీరు అనుమానించడం వల్ల మాత్రమే బయటపడింది. ఈ స్థాయి ముప్పుల విషయంలో వినియోగదారుడికి ఇవ్వగల సలహా అప్‌డేట్లు వేసుకోమనడం తప్ప మరొకటి లేదు.

సలహాల సంగతి వచ్చింది గనుక, వాటి నాణ్యతను కూడా తూచవలసి ఉంది. రైల్వే స్టేషన్ల చార్జింగ్ పాయింట్ల నుంచి ఫోను హ్యాక్ అవుతుందన్న హెచ్చరిక పదేళ్లుగా ప్రభుత్వ సంస్థలు, బ్యాంకులు పదేపదే ఇస్తున్నాయి; ప్రయోగశాలలో సాధ్యమేనని చూపినవారున్నారు గాని, దానివల్ల సామాన్యులు నష్టపోయినట్టు రుజువైన కేసులు లేవనే చెప్పాలి. మరోవైపు, గోప్యతా విధానాలు చదివి అంగీకరించండి అన్న సలహాను 2008లోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన మెక్‌డొనాల్డ్, క్రేనర్ లెక్కకట్టి చూశారు: ఒక అమెరికన్ తాను సందర్శించే సైట్ల విధానాలన్నీ చదవాలంటే ఏడాదికి 200 గంటలు పడుతుంది. ఆ విధానాలు ఆంగ్లంలో మాత్రమే ఉండే చోట తెలుగు చదువరికి ఆ గంటలు కూడా ప్రయోజనం లేనివే.

ఈ సలహాల వెనక ఉన్న సిద్ధాంతం వాడుకరి అజాగ్రత్తే మూలకారణమన్నది. బ్యాంకుల ప్రకటనల్లో, పోలీసుల అవగాహన సదస్సుల్లో ఇదే ఎక్కువగా వినిపిస్తుంది. దానికి ఎదురుగా నిలిచిన సిద్ధాంతం ఆర్థికమైనది. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త రాస్ ఆండర్సన్ 1993లో ఏటీఎం మోసాలను పరిశీలించి ఒక విచిత్రమైన తేడాను ఎత్తిచూపాడు. అమెరికాలో వివాదం వస్తే ఖాతాదారుడు తప్పు చేశాడని నిరూపించవలసిన భారం బ్యాంకుదే. బ్రిటన్‌లో మాత్రం తమ యంత్రాలు తప్పు చేయవని బ్యాంకులు వాదించి నెట్టుకొచ్చేవి. ఫలితంగా నష్టం భరించవలసి వచ్చిన అమెరికా బ్యాంకులు జాగ్రత్తపడ్డాయి, బ్రిటిష్ బ్యాంకుల్లో అలసత్వం పెరిగి మోసాలూ పెరిగాయి. వ్యవస్థను కాపాడగలిగినవారు ఒకరు, అది విఫలమైతే నష్టపోయేవారు మరొకరు అయినప్పుడు భద్రత కుంటుపడుతుందన్న సూత్రాన్ని ఆయన 2001లో ఒక ప్రత్యేక అధ్యయన రంగానికి పునాదిగా మలిచాడు. పైన చెప్పుకున్న ఉదంతాల్లో, దస్తావేజుల వెబ్‌సైటు మొదలుకొని కెమెరాల పాస్‌వర్డు దాకా, ఈ సూత్రానికి లొంగనిది దాదాపు లేదు. వాడుకరి అజాగ్రత్త సిద్ధాంతానికి లొంగేవి కొద్ది.

రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ ఈ రెండు సిద్ధాంతాల మధ్య రాజీ. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మధ్యలోని వ్యవస్థదైతే, మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసినవారికి నష్టం సున్నా. ఖాతాదారు బాధ్యతను నిరూపించవలసిన భారం బ్యాంకు మీదే అని అందులో స్పష్టంగా ఉంది. కాని పాస్‌వర్డో, ఓటీపీయో ఇతరులకు తెలిపితే అది నిర్లక్ష్యం కింద లెక్క, ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టమంతా ఖాతాదారుదే. ఏపీకే ఫైలు ఓటీపీని తానే చదివి పంపినప్పుడు ఖాతాదారు దాన్ని తెలిపినట్టా, తెలపనట్టా? వివాదాలు నిలిచిపోయేది సరిగ్గా ఈ చోటే.

చట్టం వైపు చూస్తే, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన ఆరేళ్లకు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు మరో 18 నెలలకు గాని అమలుకు రావు. ఏ ప్రయోజనానికి సమ్మతి తీసుకున్నారో దానికి అవసరమైన సమాచారం వరకే ఆ సమ్మతి చెల్లుతుందనీ, ప్రయోజనం తీరాక సమాచారాన్ని చెరిపేయాలనీ, సమ్మతి పత్రాన్ని తెలుగుతో సహా ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలుండాలనీ చట్టం చెబుతోంది. ఈ వ్యాసం ఆరంభంలో చెప్పిన ఉమ్మడి లక్షణానికి ఇంతకన్న సూటి మందు కాగితం మీద ఉండబోదు. అయితే సబ్సిడీలు, ధ్రువపత్రాల వంటి పనుల్లో ప్రభుత్వానికి సమ్మతి అవసరాన్ని చాలావరకు తొలగించడం, నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు చట్టం నుంచే మినహాయింపు ఇవ్వడం వల్ల, ధర్మారం కేసులోని వెబ్‌సైటు వంటివాటి మీద ఈ మందు ఎంత పనిచేస్తుందన్నది సందేహమే.

పరిహారం సంగతి మరీ విచిత్రం. సమాచార సాంకేతిక చట్టంలోని 43ఏ సెక్షను కింద, కంపెనీ నిర్లక్ష్యం వల్ల వ్యక్తిగత సమాచారం పొక్కి నష్టపోయినవారు రాష్ట్ర ఐటీ కార్యదర్శి ముందు పరిహారం కోరవచ్చు. ఆ అవకాశాన్ని వాడుకున్నవారు తక్కువే అయినా తలుపంటూ ఒకటుంది. కొత్త చట్టం ఆ సెక్షనును తొలగిస్తోంది; దాని స్థానంలో రూ.250 కోట్ల వరకు జరిమానాలు ఉంటాయి, ఆ సొమ్ము భారత సంచిత నిధికి జమ అవుతుంది, నష్టపోయిన మనిషికి అందులోంచి ఏమీ రాదు.